పాదము క్రింద వచ్చిన హెచ్చరిక



మన సంఘములలో ఈ రోజుల్లో చాలా కుటుంబములకు కారు ఉన్నది. అది కొత్తది కాకపోవచ్చు. ఎవరో పదేళ్లు నడిపి అమ్మినది, అన్నగారు విదేశము వెళ్తూ ఇచ్చి వెళ్లినది, ఉద్యోగ విరమణ డబ్బుతో కొనుక్కున్నది. ఆదివారము ఇంటిల్లిపాదినీ ఆరాధనకు తెచ్చేది అదే. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన కోడలిని ఆసుపత్రికి చేర్చేదీ అదే. దానికి మనము పెట్రోలు పోయిస్తాము, టైర్లకు గాలి పట్టిస్తాము, వెనుక అద్దము మీద వాక్యము అంటిస్తాము. బ్రేకు సంగతి మాత్రము, అది పట్టినంత కాలము మనకు జ్ఞాపకము రాదు.

ఈ నెల మేము వ్రాయబోయేది ఆ బ్రేకును గురించే. కుటుంబ పత్రికలో, అందులోను సంఘ పత్రికలో, మెకానిక్కు మాటలెందుకని కొందరు అనుకోవచ్చు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము ఒకసారి తీసి చూడండి. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు పైకప్పుకు చుట్టూ పిట్టగోడ కట్టించాలని, లేకపోతే ఎవరైనా పడినప్పుడు ఆ దోషము ఆ ఇంటి మీదికి వస్తుందని అక్కడ ఉన్నది. బలిపీఠమును గురించి చెప్పిన దేవుడే పిట్టగోడను గురించి కూడా చెప్పాడు. ఆయన మన యింటి డాబా అంచును చూచేవాడైతే, మన కారు బ్రేకును కూడా చూస్తాడు.

మా సంఘపు కారు

మా సంఘమునకు ఒక మారుతి 800 ఉన్నది. 2005 మోడలు. ఆ రకము కార్ల తయారీ 2014 జనవరితో ఆగిపోయింది గాని, మా ప్రాంతములో ఇప్పటికీ అవి కనబడుతూనే ఉంటాయి. మా సంఘ పెద్దలలో ఒకరు, ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు, దీనిని పదకొండేళ్లు తాము వాడుకొని 2016లో సంఘమునకు ఇచ్చారు. ఆయనను ఊరంతా మాస్టారు అంటారు. ఇచ్చిన తరువాత కూడా శనివారము సాయంత్రము బకెట్టు, గుడ్డ పట్టుకొని వచ్చి కారు తుడిచి వెళ్లేవారు. "ఇది మనింటి పిల్ల అయ్యగారూ, అత్తవారింటికి ఇచ్చేశాను, అంతే" అని నవ్వేవారు.

ఆ కారులోనే మేము నెలకొకసారి కొండ మీది సంఘమునకు వెళ్తాము. శృంగవరపుకోట దాటిన తరువాత అరకు వెళ్లే ఘాటు రోడ్డు మొదలవుతుంది. అరకు లోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడికి చేరేలోపల ఎన్ని మలుపులో ఆ దారిన వెళ్లినవారికి తెలుసు. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. ఎక్కేటప్పుడు పని ఇంజనుది. దిగేటప్పుడు భారమంతా బ్రేకు మీద పడుతుంది.

2023 నవంబరు మొదటి వారములో ఒక సాయంత్రము రోగులను దర్శించి తిరిగి వస్తున్నాము. పెడలు కాలి క్రింద మెత్తగా ఉన్నది. అలవాటైన చోట ఆగకుండా ఇంకా క్రిందికి దిగి, అప్పుడు పట్టింది. పాదము ఎత్తి మరొకసారి తొక్కితే పైనే గట్టిగా పట్టింది. ప్రక్కన కూర్చున్న అమ్మగారు ఇంటి ముందు దిగుతూ, "ఏమండీ, ఈ రోజు ప్రతి చోటా రెండేసి సార్లు తొక్కుతున్నారేమిటి?" అని అడిగారు. మర్నాడు ఉదయమే కారును దగ్గరలో ఉన్న షెడ్డుకు తీసుకొని వెళ్లాము.

ఆ షెడ్డువారు బ్రేకు ఆయిలు కొంచెము పోసి, గొట్టములలోని గాలి తీసి, "గాలి పట్టిందండి, తీసేశాం, ఇంక సరిపోద్ది" అన్నారు. నిజంగానే పెడలు గట్టిపడింది. తొమ్మిది రోజులు బాగానే ఉన్నది. పదవ రోజున మళ్లీ మెత్తబడింది. బానెట్టు ఎత్తి చూస్తే, డబ్బాలో వారు నింపిన ఆయిలు అడుగు గీత దగ్గరికి దిగిపోయి ఉన్నది. మళ్లీ వెళ్లి చూపిస్తే అక్కడివారు తేలికగా, "పాత బండి కదండీ, రెండుసార్లు తొక్కితే పట్టేస్తంది కదా, అలా నడిపేసుకోండి" అన్నారు.

ఈ "రెండుసార్లు తొక్కితే పట్టేస్తుంది" అనే మాట దగ్గర కొంచెము ఆగాలి. ఈ వ్యాసము వ్రాయడానికి కారణము ఆ మాటే.

పెడలు ఎందుకు మెత్తబడుతుంది?

పెడలు తొక్కినప్పుడు మన కాలి బలము నాలుగు చక్రములకూ చేరేది ఆయిలు ద్వారా. పెడలు వెనుక మాస్టర్ సిలిండరు అని ఒకటి ఉంటుంది. అందులోని పిస్టను ఆయిలును సన్నని గొట్టములలోనికి నెడుతుంది. ముందు చక్రముల దగ్గర ఆ ఒత్తిడి ప్యాడ్లను డిస్కుకు అదిమి పెడుతుంది. వెనుక చక్రముల దగ్గర డ్రమ్ములోపలి చిన్న సిలిండరు లైనర్లను రెండు ప్రక్కలకు తోసి డ్రమ్ముకు ఆనిస్తుంది. ఇదీ ఆ కారులోని ఏర్పాటు.

మూసి ఉన్న పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి తగ్గకుండా అన్ని వైపులకూ సమానముగా వెళ్తుందన్న సూత్రము మీద ఇది పనిచేస్తుంది. ఆ సూత్రమును కనిపెట్టినవాడు 1623లో ఫ్రాన్సులో పుట్టిన బ్లేజ్ పాస్కల్. ఆయన 1662లో మరణించాడు. దీనిని గురించి ఆయన వ్రాసిన గ్రంథము మరుసటి సంవత్సరము 1663లో అచ్చయింది. ఈయన గొప్ప విశ్వాసి కూడా. 1654 నవంబరు 23వ తేదీ రాత్రి తనకు కలిగిన దేవుని అనుభవమును ఒక కాగితము మీద వ్రాసి, కోటు లోపలి గుడ్డలో కుట్టుకొని ఉంచుకున్నాడు. ఆయన మరణించిన తరువాత గాని అది బయటపడలేదు. మనము బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఒక దైవభక్తుడు వివరించిన సూత్రము మన ప్రాణమును కాపాడుతున్నదన్నమాట.

ద్రవము నొక్కితే కుంచించుకొనదు. అందుకే పెడలు గట్టిగా ఉంటుంది. గాలి అలా కాదు. సైకిలు పంపు మూతిని వేలితో మూసి నొక్కి చూడండి, స్పంజిలాగా లోపలికి పోతుంది. గొట్టములలో కొంచెము గాలి చేరినా, మన కాలి బలము ముందు ఆ గాలిని నొక్కడానికే ఖర్చయిపోతుంది. చక్రమునకు చేరేది మిగిలినదే. రెండవసారి వెంటనే తొక్కితే డబ్బాలోనుండి మరికొంత ఆయిలు గొట్టములలోనికి వస్తుంది గనుక పెడలు పైకి లేస్తుంది. గాలి మాత్రము ఎక్కడికీ పోలేదు. కారుతున్న చోటు మూసుకొననూ లేదు. లోపము లోపముగానే ఉండగా మన కాలికి మాత్రము బాగున్నట్టు అనిపిస్తుంది.

పైగా, రెండవసారి తొక్కడానికి వ్యవధి కావాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో వెళ్లే కారు ఒక సెకనులో దాదాపు 14 మీటర్లు వెళ్లిపోతుంది. బడి వదిలే వేళ రోడ్డు దాటుతున్న పిల్ల మన రెండవ తొక్కు కోసము ఆగదు.

పెద్దల సభలో

ఆ సమయములోనే కొండ మీది సంఘములో ఒక వివాహము నిశ్చయమై ఉన్నది. నవంబరు 23, గురువారము. పెళ్లి జరిపించవలసినది మేము. సామాను, వాద్యములు, ఇద్దరు పెద్దలు మా కారులోనే రావాలని అనుకున్నారు. ముందు ఆదివారము ఆరాధన అయిన తరువాత పెద్దల సభలో మేము విషయము చెప్పాము: ఈ కారు బాగుపడేవరకు ఘాటు ఎక్కకూడదు.

ఒకరు, "మొన్న గాలి తీయించాం కదా అయ్యగారూ, మళ్లీ ఒకసారి తీయించి వెళ్లి వచ్చేద్దాం" అన్నారు. ఇంకొకరు, "ప్రార్థన చేసి బయలుదేరుదాం. ఇన్నేళ్లుగా కాపాడిన దేవుడు ఈ ఒక్కరోజు కాపాడడా?" అన్నారు. కోశాధికారి మాట వేరు. క్రిస్మసుకు గుడికి రంగులు వేయించడానికి కూడబెట్టిన సొమ్ము తప్ప చేతిలో ఏమీ లేదు. పాత కారుకు ఖర్చు మొదలుపెడితే అది ఎక్కడ ఆగుతుందో చెప్పలేమని ఆయన భయము. ఆ భయము న్యాయమైనదే.

మాస్టారు మాత్రము ఏమీ మాట్లాడలేదు. తల వంచుకొని కూర్చున్నారు. మాకు అన్నిటికంటె బరువుగా తోచినది ఆ మౌనమే. ఆయన ప్రేమతో ఇచ్చిన బహుమానమును నలుగురిలో పనికిరానిదని అన్నట్టు అవుతుందేమో. అలాగని ఆయన మనసు నొవ్వకుండా ఉండడానికి నలుగురి ప్రాణములు ఘాటు మీద పెట్టగలమా?

అప్పుడు నిర్గమకాండము 21వ అధ్యాయములోని ఎద్దును గురించిన ఆజ్ఞను చదివాము. ఎద్దు ఎవరినైనా పొడిచి చంపితే ఎద్దుకే శిక్ష, యజమాని నిర్దోషి. అయితే అది పొడిచే ఎద్దని ముందే యజమానికి తెలియజేసినా అతడు దానిని భద్రము చేయకపోతే, అతడు కూడా శిక్షకు పాత్రుడు. 28, 29 వచనములలో ఈ తేడా ఉన్నది. హఠాత్తుగా జరిగిన దానికి ఒక లెక్క, తెలిసి వదిలేసిన దానికి మరొక లెక్క. నెహెమ్యా కాలములో శత్రువుల భయము వచ్చినప్పుడు యూదులు దేవునికి ప్రార్థన చేశారు, దానితోపాటు రాత్రింబగళ్లు కావలి కూడా పెట్టుకున్నారు. కావలి పెట్టినందువలన వారి ప్రార్థన తక్కువది కాలేదు. "బ్రేకు లేదని తెలిసి బయలుదేరి, కాపాడమని అడిగితే అది విశ్వాసమా, దేవుని పరీక్షించడమా?" అని మేము అడిగాము.

కొంతసేపు ఎవరూ పలుకలేదు. మాస్టారే తల ఎత్తి, "పొడిచే ఎద్దని మీరు ఇప్పుడు నాకు చెప్పారు గదా అయ్యగారూ. కట్టేయండి" అన్నారు. ఆ తరువాత ఇంకో మాట కూడా అన్నారు: "ఊరికే కట్టేయడం కాదు, వైద్యం చేయిద్దాం. షెడ్డుకి నేను కూడా వస్తాను."

గురువారము మేము ఆర్టీసీ బస్సులో కొండకు వెళ్లాము. వాద్యములు లేవు. కొండ సంఘమువారు తమ డప్పులతోనే పాడారు, ఏమీ తక్కువ కాలేదు. సాయంత్రము దిగివచ్చేటప్పుడు ముందు సీటులో కూర్చొని డ్రైవరును గమనించాము. దిగుడు మొదలు కాకముందే ఆయన గేరు తగ్గించాడు. ఇంజనే బస్సును పట్టి ఉంచుతున్నది. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా మలుపుకు ముందు తొక్కుతున్నాడు, వదులుతున్నాడు. దాని సంగతి తరువాత చెబుతాము.

షెడ్డులో ఒక రోజు

మరుసటి సోమవారము కారును పట్టణములోని ఒక పాత మేస్త్రి దగ్గరికి, ట్రాలీ ఆటో వెనుక తాడు కట్టించి కాక, వాహనము మీద ఎక్కించి తీసుకొని వెళ్లాము. బ్రేకు నమ్మకము లేని కారును తాడుతో లాగితే ముందున్న బండిని గుద్దుతుంది. మాస్టారు స్టూలు వేసుకొని కూర్చున్నారు.

ఆ మేస్త్రి మొదట పానా ముట్టుకోలేదు. "ఆయిలు తగ్గిందంటున్నారు. తగ్గిన ఆయిలు ఎక్కడికి పోయిందండీ?" అని అడిగాడు. ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో మట్టము నెలల తరబడి కొంచెము కొంచెముగా దిగుతుంది, అది సహజము. పది రోజులలో దిగిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆయిలు బయటికి పోయే చోటనే, పెడలు వదిలినప్పుడు గాలి లోపలికి వస్తుంది. మొదటి షెడ్డువారు గాలిని తీశారు గాని, గాలి వచ్చే దారిని వెదకలేదు.

ఆయన కారు క్రిందికి దూరి గొట్టములన్నీ గుడ్డతో తుడిచి చూచాడు, పొడిగా ఉన్నాయి. ముందు చక్రముల దగ్గరి రబ్బరు గొట్టములను ఒంచి చూచాడు. పాతబడిన గొట్టమైతే పగుళ్లు ఉంటాయి, పెడలు తొక్కినప్పుడు ఉబ్బుతుంది, దానివలన కూడా పెడలు మెత్తబడుతుంది. అవీ బాగానే ఉన్నాయి. వెనుక ఎడమ చక్రము డ్రమ్ము విప్పగానే దొంగ దొరికాడు. లోపలి చిన్న సిలిండరు మీది రబ్బరు తొడుగును వేలితో ఎత్తేసరికి ఆయిలు కారింది. లైనరు తడిసి నల్లగా ఉన్నది. ఆయిలు డ్రమ్ములోనే కారుతున్నది గనుక ఇంటి ముందు నేల మీద ఒక్క చుక్క కూడా కనబడలేదు.

రెండు వెనుక చక్రములకూ కొత్త సిలిండర్లు, కొత్త లైనర్లు వేశాడు. ఆయిలు పీల్చుకున్న లైనరును తుడిచి మళ్లీ వేయకూడదు. ఒక ప్రక్క మాత్రమే మార్చితే కారు ఒకవైపు లాగుతుంది.

తరువాత గాలి తీయడము. మాస్టర్ సిలిండరుకు ఎక్కువ దూరములో ఉన్న వెనుక ఎడమ చక్రముతో మొదలుపెట్టాడు. అక్కడి నిప్పిలుకు సన్నని ప్లాస్టిక్కు గొట్టము తొడిగి, రెండవ కొనను కొంచెము ఆయిలున్న సీసాలో ముంచాడు. లోపల కూర్చున్న కుర్రవాడు పెడలును మూడు నాలుగుసార్లు తొక్కి అదిమి పట్టాడు. మేస్త్రి నిప్పిలు వదులు చేయగానే సీసాలో బుడగలు వచ్చాయి. నిప్పిలు బిగించిన తరువాతే, "వదులు" అనేవాడు. బిగించకముందే పెడలు వదిలితే బయటి గాలి మళ్లీ లోపలికి వస్తుంది. మధ్య మధ్య డబ్బాలో ఆయిలు పోస్తూనే ఉండాలి. డబ్బా అడుగంటితే అక్కడినుండే గాలి దూరి, చేసిన పని మొత్తము పాడవుతుంది.

ఇంకొక సంగతి మేము అక్కడే నేర్చుకున్నాము. కుర్రవాడు పెడలు తొక్కేముందు మేస్త్రి దాని క్రింద ఒక చెక్కముక్క పెట్టించాడు. మాస్టారు ఎందుకని అడిగారు. "ఇన్నేళ్లూ పిస్టను సగం దూరమే తిరిగిందండీ. మిగతా సగంలో తుప్పూ మడ్డీ పట్టి ఉంటది. పెడలు పూర్తిగా తొక్కిస్తే లోపలి రబ్బరు ఆ తుప్పు మీదికెళ్లి కోసుకుపోద్ది. బాగుచేయబోయి పాడుచేసినట్టు అవుద్ది" అన్నాడు. మాస్టారు ఆ మాటను పాఠము విన్న విద్యార్థిలాగా తలాడిస్తూ విన్నారు.

పెడలు పైకి వచ్చింది. మేము సంతోషించాము. మేస్త్రి మాత్రము, "ఇంకొకటి చూడాలండి" అని, పెడలును గట్టిగా అదిమి అలాగే ఉంచాడు. అర నిమిషములో అది మెల్లమెల్లగా క్రిందికి జారడము మొదలుపెట్టింది. ఇప్పుడు స్పంజిలాగా లేదు, దిగిపోతున్నది. బయట ఎక్కడా కారడము లేదు. అంటే మాస్టర్ సిలిండరులోని రబ్బరు కప్పులు అరిగి, ఒత్తిడి తగిలిన ఆయిలు వాటి ప్రక్కనుండి వెనుకకు జారిపోతున్నదన్నమాట. ఒక లోపము వెనుక ఇంకొకటి దాగి ఉన్నది. మొదటిది దొరకగానే ఆగిపోయి ఉంటే రెండవది ఘాటు మీద తెలిసేది.

మాస్టర్ సిలిండరు కూడా మార్చించాము. పాత ఆయిలు మొత్తము తీసివేయించాము. అది సీసాలో కాఫీ డికాషను రంగులో ఉన్నది. కొత్త ఆయిలు లేత తేనె రంగులో ఉంటుంది. రంగుల సొమ్ము ఆ విధముగా బ్రేకుకు వెళ్లిపోయింది. ఆ క్రిస్మసుకు మా యౌవనస్థులు గుడికి తామే సున్నము వేశారు. రంగుకంటె సున్నము తక్కువని ఆ సంవత్సరము ఎవరూ అనలేదు.

ఆయిలులో దాగే నీరు

ఘాటు రోడ్ల మీద ప్రయాణము చేసేవారు తెలుసుకొనవలసిన సంగతి మరొకటి ఉన్నది. సాధారణముగా కార్లలో వాడే బ్రేకు ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకొనే గుణము ఉన్నది. డాట్ 3 అనే రకము, కొత్తగా ఉన్నప్పుడు కనీసము 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరుగకూడదని ప్రమాణము. నూటికి 3.7 పాళ్లు నీరు చేరిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4 రకమునకు ఆ అంకెలు 230, 155.

పెద్ద దిగుడులో బ్రేకు మీద కాలు ఆనించే ఉంచితే డిస్కులు, డ్రమ్ములు మండిపోతాయి. ఆ వేడికి నీరు చేరిన ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి కూడా గాలిలాగే కుంచించుకొనేది గనుక పెడలు ఒక్కసారిగా నేలకు దిగిపోతుంది. కారు చల్లబడిన తరువాత చూస్తే అంతా బాగానే ఉంటుంది! అందుకే రెండేళ్లకొకసారి ఆయిలు మార్చడము మంచిది. బస్సు డ్రైవరు గేరు తగ్గించుకొని దిగినది కూడా ఇందుకే.

మీ ఇంట్లో మీరు చేయగలిగినవి

పానా పట్టనివారు కూడా ఈ క్రింది సంగతులు చూచుకోవచ్చు.

వారమునకొకసారి బానెట్టు ఎత్తి ఆయిలు డబ్బా చూడండి. మట్టము రెండు గీతల మధ్య ఉండాలి. త్వరగా దిగుతుంటే పోసి ఊరుకొనవద్దు, కారణము వెదికించండి. ఇంజను ఆయిలుగాని మరి ఏ నూనెగాని అందులో పోయకండి. లోపలి రబ్బరు ఉబ్బిపోయి మొత్తము పాడవుతుంది. బ్రేకు ఆయిలు కారు రంగు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగండి.

బయలుదేరే ముందు పెడలును గట్టిగా అదిమి అర నిమిషము ఉంచండి. స్పంజిలాగా ఉంటే గాలి. మెల్లగా జారిపోతుంటే కారడమో, మాస్టర్ సిలిండరో. మొదటిసారి లోతుగా దిగి రెండవసారి పైన పట్టితే, గాలి ఉండవచ్చు, వెనుక లైనర్లు అరిగి డ్రమ్ముకు దూరమై ఉండవచ్చు. బూస్టరు ఉన్న కారయితే ఇంజను ఆపి నాలుగైదుసార్లు తొక్కి, కాలు అదిమి ఉంచి ఇంజను వేయండి. పెడలు కొంచెము క్రిందికి దిగాలి. అది బూస్టరు పనిచేస్తున్న గుర్తు, భయపడనక్కరలేదు.

దారిలో పెడలు దిగిపోతే బెదరక వెంటవెంటనే తొక్కండి, గేర్లు ఒక్కొక్కటిగా తగ్గించండి, హ్యాండ్ బ్రేకును మెల్లగా లాగండి. అటువంటి కార్లలో అది ఆయిలుతో పనిలేకుండా తీగతో పనిచేస్తుంది. రెండవ తొక్కు ఉన్నది అటువంటి ఆపద కోసమే. దానితో రోజూ కాలక్షేపము చేయడానికి కాదు.

పదిహేనేళ్లు నిండిన స్వంత కారుకు మళ్లీ రిజిస్ట్రేషను చేయించినప్పుడు తనిఖీ జరుగుతుంది. ఆ కాగితము ఐదేళ్లు చెల్లుతుంది. అయితే అది ఆ రోజు మాట. ఈ రోజు పెడలు ఎలా ఉన్నదో మన పాదమే చెప్పాలి.

రెండవ తొక్కుతో బ్రతికే బ్రతుకు

ప్రియులారా, కుటుంబములలో కూడా మెత్తబడిన పెడళ్లను మేము చూస్తూనే ఉన్నాము. భార్యాభర్తల మధ్య మాట పట్టింపు వస్తుంది. పండుగకు కొత్త చీర కొంటారు, రెండు రోజులు అంతా గట్టిగా ఉన్నట్టే ఉంటుంది. చెప్పుకొనని బాధ ఎక్కడ కారుతున్నదో మాత్రము ఎవరూ డ్రమ్ము విప్పి చూడరు. కుమారుడు త్రాగుడు మొదలుపెట్టాడని తెలుస్తుంది. పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించి, వారము బాగుంటే చాలునని ఊరుకుంటారు. సంఘములు కూడా అంతే. మార్చిలో ఉజ్జీవ కూటములు, ఏప్రిల్ వరకు ఉత్సాహము, మేలో మళ్లీ మెత్తదనము. అప్పుడు మరొక కూటము పెడతాము.

మెత్తబడడము శాపమని అనుకొనవద్దు. ఏ గుర్తూ లేకుండా ఒక్కసారిగా తెగిపోయేదానికంటె, ముందుగా కాలి క్రింద చెప్పేది మేలు. దేవుడు చాలాసార్లు మనతో ఉరుముతో కాక ఇటువంటి చిన్న తేడాతోనే మాట్లాడుతాడు. ప్రక్కన కూర్చున్న భార్య అడిగిన ప్రశ్నలో, పిల్లవాడు భోజనము దగ్గర మాట్లాడకపోవడములో, జమాఖర్చులలో కుదరని ఒక అంకెలో ఆ హెచ్చరిక ఉంటుంది. ఆయిలు ఎక్కడికి పోతున్నదని అడగడము అవిశ్వాసము కాదు. ఒకటి దొరికిన తరువాత రెండవదాని కోసము ఆగి చూడడము చాదస్తము కాదు.

బహుమానము ఇచ్చినవారి మనసును గురించి కూడా ఒక మాట. లోపమును లోపమని ప్రేమతో చెప్పినప్పుడు మాస్టారు దూరము కాలేదు. ఆ రోజు షెడ్డులో స్టూలు మీద నుండి లేచి, కొత్త మాస్టర్ సిలిండరు పెట్టెను ఆయనే విప్పి మేస్త్రి చేతికి ఇచ్చారు. దాచిపెట్టి ఉంటే ఆయన గౌరవము నిలిచేది కాదు, ఆయన కారు నిలిచేది కాదు.

ఈ శనివారము సాయంత్రము, రేపటి ఆరాధనకు బట్టలు సర్దుకొనే ముందు, ఇంటి యజమాని ఒక్క నిమిషము కారులో కూర్చొని పెడలు మీద పాదము ఉంచి అదిమి చూడండి. గట్టిగా నిలిస్తే దేవునికి స్తోత్రము చెల్లించండి. జారిపోతే కూడా, ముందుగా తెలిపినందుకు స్తోత్రము చెల్లించి, తాళములు గూట్లో పెట్టి, ఆ ఆదివారము నడిచో, ఆటోలోనో మందిరమునకు రండి. మేము గుమ్మము దగ్గర మీకోసము ఎదురుచూస్తాము.